రక్తం ఎత్తిన బరువు

మా వంశంలో అందరికంటే బలమైనవాడు మా తాత. అందరికంటే బలహీనుణ్ణి నేను. మధ్యలో మా నాన్న ఉన్నాడు గానీ, ఆయన తపాలా ఆఫీసులో సంచుల మీద ముద్రలు వేసేవాడే తప్ప సంచులు మోసేవాడు కాదు కనక పోటీలోకి రాడు.

మా విజయనగరం జిల్లా పల్లెల్లో అమ్మవారి పండగకి సంగిడి ఎత్తడం ఒక వేడుక. సంగిడి అంటే చేతికి పట్టు దొరికేలా తొలిచిన బండరాయి. దాన్ని నేల మీంచి లేపి తలపైకి ఎత్తాలి. మా తాత ఎత్తిన సంగిడి ఇప్పటికీ మా ఊరి రామమందిరం మెట్ల పక్కన పడి ఉంది. ఆయన తర్వాత దాన్ని ఎవరూ ఎత్తలేదు. కుక్కలు మాత్రం దాని మీద కాలెత్తుతుంటాయి.

పదహారో ఏట నన్నూ ఆ రాయి దగ్గరకు తోలారు. మూడేళ్ళ పాటు నానబెట్టిన సెనగలు, పచ్చి గుడ్లు, దండీలు, బస్కీలు. మూడేళ్ళ తర్వాత చూస్తే రాయి ఉన్నచోటే ఉంది, నేను కట్లు కట్టే వైద్యుడి అరుగు మీద ఉన్నాను. ఊరి పెద్దలు తీర్పు చెప్పారు.

"రకతం ఉన్నాది. గుంటడికి సాధనే సాల్లేదు."

అదే ఏడాది మా పక్క వీధి కుర్రాడొకడు, తెల్లారకుండానే లేచి చెమటోడ్చి సాధన చేసినవాడు, పోటీల్లో గెలిచాడు. "ఆడికేటి, ఆళ్ళ పెద్దయ్య రకతం అలాటిది" అన్నారు అదే పెద్దలు. గెలిస్తే రక్తం, ఓడితే సాధన లోపం. ఇంత బలమైన సిద్ధాంతాన్ని ఎత్తి పడెయ్యడం ఎవరి తరమూ కాదు. నేను నోరు మూసుకుని తెలుగు చదువుకుని, తెలుగు మాస్టార్నయ్యాను. అప్పట్నుంచీ నేను ఎత్తిన గురువులన్నీ ఛందస్సులోవే. అందులోనూ కొన్ని తీరా చూస్తే లఘువులని తేలేవి.

మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు దాన్ని గుమ్మంలో దించి వెళ్ళిపోతే, నేను మా ఆవిడతో ఎటునుంచి పట్టుకోవాలో చర్చిస్తుండగానే అది బండని ఎత్తుకుని వంటింట్లో పెట్టొచ్చింది. ఆ సాయంత్రమే, "నాన్నా, నేను వెయిట్ లిఫ్టింగ్ కి వెళ్తాను" అంది.

మా ఊళ్ళో పాత రైసు మిల్లు షెడ్డులో ఒక కోచ్ పిల్లలకి నేర్పుతాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. పిల్లల్ని చూసి లాభం లేదు, కన్నవాళ్ళని చూడాలి అన్నది ఆయన పట్టుదల. మా అమ్మాయిని అటు నిలబెట్టి, టేపు పెట్టి నా మణికట్టు కొలిచాడు. గడువు దాటిన విత్తనాల పొట్లాన్ని తిరగేసి చూసినట్టు నన్ను తిప్పి చూశాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఈ మణికట్టుకి సుద్దముక్కే ఎక్కువ."

మా అమ్మాయి ముఖం చూడలేక చివరి అస్త్రం తీశాను. మా తాత పేరు చెప్పాను. కోచ్ టేపు చుట్టేసి నమస్కారం పెట్టాడు. నాకు కాదు, నాలో ఎక్కడో దాక్కున్న రక్తానికి.

"ముందే సెప్పొద్దేటండీ! తరాలు దాటి వస్తాదండి అది. మీలోంచి జారిపోయి పిల్లలో తేలింది."

అంటే నేను ఒక గొట్టాన్నన్నమాట. పక్కనే నిలబడ్డ మా ఆవిడ పొలంలో వరిమోపులు మోసి పెరిగిన మనిషి. ఆవిణ్ణి ఎవరూ కొలవలేదు. రక్తం మగవాళ్ళ వైపునుంచే పారుతుందని మా ఊరి శాస్త్రం. "నా రకతం ఏటయిపోయినట్టో? దోమలు తాగేసుంటాయి" అని ఆవిడ ఇంటికొచ్చి చాలాసేపు గిన్నెలు చప్పుడు చేసింది.

తర్వాత మూడేళ్ళు మా అమ్మాయి పొద్దున్న అయిదింటికి షెడ్డులో ఉండేది. మొదటి ఆర్నెల్లూ చీపురుకర్రతోనే. బరువు లేని కర్రని వెయ్యిసార్లు ఎత్తి దించడం కంటే విసుగు పుట్టించేది వ్యాకరణంలో కూడా లేదు. అరచేతులు పగిలి, మానీ, మళ్ళీ పగిలేవి. అయినా ఏ చిన్న పతకం తెచ్చినా వీధిలో ఒకటే మాట: "ముత్తాత రకతం!"

"పొద్దున్నే లేచేది నేను, పేరొచ్చేది ఆయనకా?" అనేది అది బూట్లు విప్పుకుంటూ. "ఆయన్ని ఒక్కరోజు లేవమను నాన్నా, నేను పడుకుంటాను."

పోయినేడు రాష్ట్ర జట్టు శిబిరానికి విజయనగరంలో ఎంపిక పోటీ పడింది. మా అమ్మాయి తూకం పిల్లల్లో ఒక్కర్నే తీసుకుంటారు. మూడేళ్ళ చీపురుకర్ర సంగతి ఆ ఒక్క పూటలో తేలాలి. దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు మా తాత చెల్లెలు వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మేమంతా చిన్న మామ్మ అంటాం. మా అమ్మాయికి దిష్టి తీసి, పోటీకి వెళ్ళేముందు సంగిడికి దణ్ణం పెట్టించాలని, ముత్తాత రక్తం కదా అని నేను అంటుంటే, ఆవిడ చుట్ట పక్కన పెట్టింది.

"ఏ రకతంరా? మీ అయ్య మా అన్నకి పుట్టినోడేటి? పెంపకమొచ్చినోడు కదేటి!"

మా తాతకి పిల్లల్లేరట. మా మామ్మకి దూరపు చుట్టం ఒకాయన బొబ్బిలిలో వీణలు చేసే చోట పనసచెక్క తొలిచేవాడట. ఆయనకి ఆరుగురు కొడుకులు. రెండేళ్ళ అయిదోవాణ్ణి తెచ్చి పెంచుకున్నారు. ఆ అయిదోవాడే మా నాన్న. ఆయన బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ, ఇన్నేళ్ళుగా నాలో లేని రక్తాన్ని మెచ్చుకుంటూ, దాన్ని వృథా చేశానని నన్ను తిడుతూ వచ్చారు. అనగా అనగా వాళ్ళకీ నిజమైపోయింది.

తెలుగులో దత్తతకీ పెంపకమే మాట, పిల్లల్ని పెంచడానికీ పెంపకమే మాట. ఆ భాషనే నమ్ముకు బతుకుతున్న నాకు ఇది తట్టడానికి నలభై ఆరేళ్ళు పట్టింది.

కానీ అప్పుడు నాకు భాష మీద ధ్యాస లేదు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా వింది. డీలా పడిపోతుందనుకున్నాను. అది చిన్న మామ్మ పక్కన చతికిలబడి, "అయితే ఆ రాయి తాతతో నాకేటీ సంబంధం లేదా?" అంది.

"రకతం లేదే. పేమ ఉన్నాది."

"పేమ సాలు," అని అది లేచి జామకాయ కోసుకుంది. పోటీ అయ్యేదాకా కోచ్ కి చెప్పొద్దే అని బతిమాలాను. మర్నాడు పొద్దున్న అయిదూ అయిదుకే చెప్పేసింది.

కోచ్ ఆ రోజంతా టీ తాగలేదట. ఎవరో పోయినట్టు కూర్చున్నాడట.

ఎంపికలో రెండు రకాల ఎత్తులుంటాయి. మొదటిదాంట్లో మా అమ్మాయీ ఇంకో పిల్లా సమానంగా నిలిచారు. రెండోది, బరువుని ముందు భుజాల మీదికి తెచ్చి అక్కణ్ణుంచి తలపైకి లేపాలి. మూడే అవకాశాలు. ఎంతెంత ఎత్తాలో కోచ్ చీటీ రాసిస్తాడు. అరవై ఆరు కిలోలతో మొదలుపెడదామని ముందు అనుకున్నదాన్ని ఆయన అరవై చేశాడు. అది ఎత్తింది. తర్వాత అరవై అయిదు. అదీ ఎత్తింది. ఈలోగా ఆ ఇంకో పిల్ల అరవై ఎనిమిది ఎత్తి తన మూడూ ముగించి కూర్చుంది.

మా అమ్మాయికి ఒక్కటే మిగిలింది. కోచ్ చీటీ మీద అరవై ఎనిమిది రాశాడు. అది ఎత్తినా సమానమే; సమానమైతే ముందు ఎత్తిన పిల్లదే గెలుపు.

"డెబ్బై రాయండి సార్."

"ఎర్రిగుంటా! రకతం లేకుండా డెబ్బై పెడితే నడుం పోద్ది."

"పోయిన మంగళవారం డెబ్బై ఎత్తాను కదా!"

"అప్పుడు నీకు తెలీదు కదే!"

ఇంత శాస్త్రీయమైన జవాబు విని అది పొడి డబ్బా దగ్గరకి నడిచింది. గడియారం నడుస్తోంది. కోచ్ నావైపు తిరిగాడు. "మాస్టారూ, తండ్రి కదా, మీరే సెప్పండి."

నా నోటిదాకా అరవై ఎనిమిదే వచ్చింది. దానికి దెబ్బ తగిలితే మా ఆవిడకి ఏం చెప్పాలో కూడా ఒక వాక్యం తయారైంది, సంధులతో సహా. కానీ అది నావైపు చూడటం లేదు. అరచేతులకి తెల్ల పొడి రాసుకుంటోంది, మూడేళ్ళుగా రోజూ రాసుకున్నట్టే.

"డెబ్బై రాయండి," అన్నాను. గొంతు ఎవరిదో అనిపించింది. బహుశా పెంపకంలో వచ్చినదై ఉంటుంది.

బరువు భుజాల మీదికి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో నేను దేవుళ్ళందరినీ పిలిచాను, తాతని తప్ప. ఆయన్ని పిలిచే హక్కు ఉందో లేదో తేల్చుకోలేదు. అంతలో మోకాళ్ళు కొంచెం వంగి, చేతులు నిటారుగా లేచి, కడ్డీ దాని తల మీద నిలబడింది. ఎత్తు చెల్లిందని మూడు తెల్ల దీపాలు వెలిగాయి.

కోచ్ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను దగ్గరకెళ్ళేసరికి ఆయన ముఖంలో పాత వెలుగు వచ్చేసింది.

"బొబ్బిలంట కదండీ? పనసచెక్క తొలవడం! తెలిసిపోయింది మాస్టారూ. పట్టు! ఆ వేళ్ళ పట్టండి అది! ఆ రకతం ఎక్కడికి పోద్ది?"

మా అమ్మాయి వేదిక దిగి వచ్చి రెండు అరచేతులూ ఆయన ముఖం ముందు చాపింది. పొడి కింద కాయలు కాసి, ఒకచోట చర్మం లేచి ఎర్రగా ఉంది.

"ఇవి ఏ ఊరివో సూసి సెప్పండి సార్."

ఆయన వంగి చూశాడు. టేపు తియ్యలేదు.

"మన షెడ్డువే," అన్నాడు మెల్లగా. "రేపు అయిదింటికి రా. అయిదూ అయిదైతే తలుపేసేస్తాను."

అది బూట్లు మార్చుకోడానికి వెళ్ళేదాకా ఆగి, నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆ బొబ్బిలి సుట్టాల అడ్రసు ఓపాలి ఇప్పించండి మాస్టారూ. ఆళ్ళింట్లో ఆడపిల్లలుంటే సూసొస్తాను."