మిషన్ చదవని కార్డులు

సార్ పోయారని ఒకరోజు పొద్దున ఫోన్ వచ్చింది. పాత ఆఫీసులో నాతో కలిసి పనిచేసినామె చేసింది. నేను నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని మెంతికూర తుంచుతున్నాను. "నిద్రలనే పొయిండంట. ఏం కష్టపడలే" అన్నదామె. మంచిదే అన్నాను. ఫోన్ పెట్టేశాక మెంతికూర పక్కకు నెట్టి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు సగంలోనే కోపం వచ్చింది. ఇన్నేళ్లు దాచుకున్న కోపం, జవాబు చెప్పాల్సిన మనిషే లేకుండా పోయాక ఎవరి మీద చూపించుకోవాలి?

సార్ గురించి మంచి మాటలు రాసిమ్మని మా పాత ఉద్యోగుల సంఘం వాళ్లు అడిగారు. మంచి మాటలు చాలా ఉన్నాయి, అన్నీ నిజమే. కాని అవి మాత్రమే రాసి ఊరుకుంటే నేనూ అబద్ధమాడినట్టే.

డెబ్బైల మొదట్లో నాకు ఆ ఉద్యోగం దొరికింది. మాది రాయదుర్గం. ఇప్పుడు మెట్రో ఆగే చోట అప్పుడు రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య మా మేకలు. బస్సు ఎక్కాలంటే పెద్ద రోడ్డు దాకా నడవాలి. ఆఫీసు సనత్‌నగర్ వైపు, ఫ్యాక్టరీల నడుమ. ప్రభుత్వం వారి కంప్యూటర్ విభాగం అంటే మా నాయినకు ఏమిటో తెలియలేదు, నాకూ తెలియలేదు. అప్పట్లో కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా అట్ట కార్డుల మీద చిల్లులు కొట్టి చెప్పాలి. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. కార్డులన్నీ కలిపి కట్ట కడితే అదొక ప్రోగ్రామ్. ఆ చిల్లులు కొట్టడమే నా కొలువు.

సార్ గుంటూరు వైపు మనిషి, ప్రోగ్రాములు రాసేవాళ్లకు పెద్ద. కార్డుల కట్టలకు వేసే రబ్బరు బ్యాండ్లు ఎడమచేతికి గాజుల్లా తొడుక్కుని తిరిగేవారు. పెళ్లిళ్లకు కూడా అలాగే వచ్చేవారని చెప్పుకుని నవ్వేవాళ్లం. ఒకరోజు నా వెనక నిలబడి, "ఏవమ్మాయ్, పొద్దస్తమానం కొడుతూనే ఉంటావు, కొట్టేదేవిటో తెలుసుకోవాలని లేదూ?" అన్నారు.

"తెలుసుకొని ఏం జేస్త సార్, నా పని గొట్టుడే గదా" అన్నాను.

"అయితే ఆ మిషన్‌కీ నీకూ తేడా ఏవుందమ్మా?"

నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఆయన బల్ల దగ్గరకు పోయి కూర్చున్నాను. ఆయన గోంగూర పచ్చడి నాకు ఇంత వేసి, వాడేసిన కార్డు వెనక పెన్సిల్‌తో రాసి చూపిస్తూ నాకు ప్రోగ్రామింగ్ నేర్పారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, "మళ్లీ చూడు" అని ఊరుకునేవారు. అదే తిట్టు కంటే ఎక్కువ తగిలేది. పదవీ విరమణ దాకా నేను తిన్న అన్నం ఆయన పెట్టిందే. ఇది రాయడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు.

మా హాలు మూలన ఒక ఇనప బీరువా ఉండేది. సార్ దానికి ఉమ్మడి బీరువా అని పేరు పెట్టారు. ఎవరు పనికొచ్చే ప్రోగ్రామ్ రాసినా ఆ కట్ట తెచ్చి అందులో పెట్టాలి. ఎవరికి కావాలన్నా, బయట కాలేజీల నుంచి వచ్చినవాళ్లకైనా సరే, ఇచ్చెయ్యాలి. తప్పు కనిపిస్తే సరిచేసి తిరిగి తేవాలి. "నకలు పట్టుకుపోండి, అసలు వదిలెయ్యండి" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. పైఅధికారి ఒకాయన తాళం వెయ్యమంటే, "తాళం వేస్తే మన తెలివికే వేసుకున్నట్టండి" అన్నారట. మేమంతా గర్వపడ్డాం.

ప్రతి కట్టకూ ముందు పేర్ల కార్డులు ఉండేవి. ఎవరు రాశారు, ఎవరు సరిదిద్దారు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. వాటి మొదటి గడిలో ఒక గుర్తు కొడితే మిషన్ వాటిని చదవకుండా దాటుకుని పోతుంది. మిషన్ చదవని కార్డు ఎందుకు సార్ అని అడిగాను. "అది మనుషుల కోసం" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అయితే కార్డులకు ఎప్పుడూ కరువే కాబట్టి, నకళ్లు తీసేటప్పుడు పేర్ల కార్డులు వదిలేసి మిగతావి మాత్రమే తీసేవాళ్లం. అసలు కట్ట ఎలాగూ బీరువాలో భద్రంగా ఉందనుకున్నాం. మా అందరి తెలివీ కలిసి చేసిన తప్పు అది.

ఆ బీరువాలో అన్నిటికంటే లావు కట్ట తెలుగు అక్షరాలది. మా ప్రింటర్‌కు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. గళ్ల కాగితం మీద తెలుగు అక్షరం గీసి, నిండిన గడికల్లా ఒక చుక్క కొట్టిస్తే పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు అచ్చవుతాయని సార్‌కు తోచింది. తోచింది ఆయనకే, ఆ గొప్ప ఎవరూ కాదనరు. కాని అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఒక్కరి వల్ల అయ్యే పనా? మనుషులను పోగుచేసే పని నాకు అప్పజెప్పారు.

సుగుణమ్మ గారని ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పే ఆవిడ గుణింతాలు గీసిచ్చారు. యాదగిరి, ప్రభాకర్ అని ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు ఒత్తుల సంగతి చూశారు. ఇక బోరబండ నుంచి వచ్చి మా ఆఫీసు బోర్డులు రాసే పెయింటర్ అన్న. ఆయన మెట్ల మీద నిలబడి మా కాగితాలు చూసి, "ఏంది చెల్లె గిది, ళ కు కడుపు నొచ్చినట్టున్నది" అన్నాడు. అయితే నువ్వే గియ్యి అన్నాను. గళ్ల కాగితం తిప్పి తిప్పి చూశాడు. "గళ్లల్ల గుండ్రం యాడ గూసుంటది?" అని విసుక్కున్నాడు. కాని పట్టుకుపోయాడు. ఆదివారాలు ఇంట్లో కూర్చుని హల్లులు సగం దాకా ఆయనే గీశాడు. ఆయన అక్షరాలు మరీ లావుగా ఉన్నాయని సుగుణమ్మ గారు, ఆమెవి ఎండిపోయినట్టున్నాయని ఆయన, మా హాల్లో పెద్ద పంచాయితీ పెట్టుకునేవాళ్లు. చివరికి ఆమె కొన్ని సన్నం చేయించింది, ఆయన కొన్నిటికి ఒప్పుకోలేదు.

ఆయన అడిగింది ఒక్కటే. "నా పేరుంటదా చెల్లె?"

"ఉంటదన్నా. మొదట్లనే ఉంటది. ఎవ్వరు తియ్యరు" అన్నాను. ఆ కార్డు నా చేత్తోనే కొట్టి ఆయనకు చూపించాను. వేలితో చిల్లులు తడిమి, "గిదేనా నేను" అని నవ్వాడు.

కట్ట పూర్తయినరోజు దాన్ని నిలబెట్టి పైఅంచుల మీద ఈ మూల నుంచి ఆ మూలకు నీలం సిరాతో ఏటవాలు గీత గీశాం. కట్ట కిందపడి చెదిరిపోతే గీత కలుపుకుంటూ వరస పెట్టుకోవచ్చు. ఆ గీత గీసింది సారే. చెయ్యి వణకకుండా ఉండాలని ఊపిరి బిగబట్టారు.

ఆ తరువాత కొంతకాలానికి సార్ రాజీనామా చేసి ఒక ప్రైవేటు కంపెనీలో చేరారు. దండలు వేసి పంపించాం. నేను అందరి ముందూ ఏడ్చాను. కొన్నాళ్లకు ఆ కంపెనీ వాళ్లు ఆబిడ్స్‌లో ప్రదర్శన పెట్టి మమ్మల్ని పిలిచారు. వచ్చినవాళ్ల పేర్లు తెలుగులో అచ్చువేసి చేతికిస్తున్నారు. కాగితం నిండా పెయింటర్ అన్న లావు అక్షరాలే. సంబరంగా ముందుకు పోయాను. కార్డులు చదివే మిషన్ పక్కన కట్ట ఉంది. నకలు కాదు, దాని మీద మా నీలం గీత ఉంది. కాని గీత మూల నుంచి మొదలుకావడం లేదు, కొంచెం లోపలికి జరిగి మొదలైంది. ముందున్న కార్డులు తీసేస్తేనే గీత అలా అవుతుంది. గోడ మీద బోర్డులో రూపకర్త అని ఒక్కటే పేరు ఉంది, అది సార్‌ది. ఆఫీసుకు తిరిగొచ్చి బీరువా తెరిచాను. ఆ అర ఖాళీగా ఉంది.

ఊరుకోలేక ఆయన కొత్త ఆఫీసుకు పోయాను. కాఫీ తెప్పించారు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగారు. పేర్ల కార్డులేవి సార్ అన్నాను.

"యంత్రం వాటిని చదవదు కదమ్మా. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"అవి మనుషుల కోసమని మీరే చెప్పిన్రు గద సార్."

ఆయన కాఫీ కప్పు వైపు చూశారు. "కంపెనీవాళ్లు అన్ని పేర్లెందుకన్నారమ్మా. తర్వాత చూద్దాంలే. నువ్వూ ఇక్కడికి వచ్చెయ్యరాదూ, పెద్ద పని ఇప్పిస్తాను."

"ఆ కార్డులు యాడున్నయో చెప్పున్రి, నేను దీస్కపోత."

"ఎక్కడో ఉంటాయమ్మా" అన్నారు. ఆ గొంతులోనే తెలిసిపోయింది, అవి ఎక్కడా లేవని. కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను. నాకు విద్య నేర్పిన నోటితోనే ఆ మాట వినడం ఇప్పటికీ జీర్ణం కాలేదు. ఎవరో దొంగ ఎత్తుకుపోతే తిట్టుకుని మరచిపోయేదాన్ని. తాళం వద్దన్న మనిషే పట్టుకుపోయారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సంగతి బయటివాళ్ల ద్వారా తెలియడం కంటే నేనే చెప్పడం మేలని బోరబండ పోయాను. పెయింటర్ అన్న వాకిట్లో ఒక కిరాణా కొట్టు బోర్డు రాస్తున్నాడు. చెప్పిందంతా కుంచె ఆపకుండా విన్నాడు.

"ఆయనెవరో నాకేం ఎరుక చెల్లె. నేను ఇచ్చింది నీ మాట మీద."

"నాకు గూడ తెల్వదన్నా. నన్ను గూడ మోసం జేసిండు."

"గట్లనే అంటరు" అన్నాడు. కూర్చోమనలేదు. ఆ తరువాత మా ఆఫీసు బోర్డులు వేరేవాళ్లు రాశారు. బోరబండ వీధిలో ఎదురైనా తల తిప్పుకుని పోయేవాడు. సార్ నా నుంచి తీసుకుపోయింది కార్డులు కాదు. ఆ ఇంటి ముందు నాకున్న మర్యాద తీసుకుపోయారు.

సార్ ఆ తరువాత కూడా మంచివారిగానే బతికారు, ఎందరికో చదువు చెప్పారు. నా బిడ్డ పెళ్లికి వచ్చి అక్షింతలు వేశారు. ఆ కార్డుల మాట ఆయన ఎత్తలేదు, పెళ్లి పందిట్లో నేనెలా ఎత్తుతాను? ఇప్పుడు మా బిడ్డ రాయదుర్గంలోనే ఒక టవర్‌లో పనిచేస్తుంది. సెలవు రోజుల్లో ఓపెన్ సోర్స్ అని, ముక్కూ మొహం తెలియనివాళ్లతో కలిసి జీతం లేని ప్రోగ్రాములు రాస్తుంది. ఎవరు ఏ ముక్క రాశారో పేరుతో సహా ఉండిపోతుందట. "ఎవరన్న పేర్లు తీసేస్తె?" అని అడిగాను. "తియ్యరాదమ్మా, షరతు ఉంటది" అంది. షరతు మాకూ ఉండె అన్నాను. దానికి అర్థం కాలేదు.

సంతాప సభ ఆ టవర్ల మధ్యే ఒక చల్లని హాల్లో పెట్టారు. సార్ ఫోటోకు మల్లెల దండ వేశారు, కింద రూపకర్త అనే మాట మళ్లీ రాశారు. మాట్లాడినవాళ్లంతా ఆయన ఒంటిచేత్తో తెలుగు అక్షరాలు అచ్చువేశారన్నారు. సార్ భార్య మొదటి వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆమెను చూస్తే జాలి వేసింది, అయినా ఈసారి ఊరుకోదలచుకోలేదు. నన్ను పిలిచారు. సార్ నాకు అన్నం పెట్టిన విద్య నేర్పారని చెప్పాను. తరువాత, ఆ అక్షరాలు ఆయనొక్కరివి కావు, గీసినవాళ్ల పేర్లు ఈ హాల్లో ఒక్కసారన్నా వినబడాలి అన్నాను. గుణింతాలు సుగుణమ్మ గారివి అన్నాను. ఒత్తులు యాదగిరివి, ప్రభాకర్‌వి అన్నాను. హల్లులు సగం దాకా గీసింది, అని మొదలుపెట్టి ఆగిపోయాను.

ఆయన పేరు రాలేదు. ఉన్నన్నాళ్లూ పెయింటర్ అన్నా అనే పిలిచాను, అందరం అలాగే పిలిచాం. పేరు ఆ కార్డు మీద ఉంది. కొట్టింది నేనే, ఏ అక్షరం తరువాత ఏ అక్షరం నొక్కానో వేళ్లకైనా గుర్తుండాలి కదా. మైకు ముందు నిలబడి వేళ్లు కదిలించి చూశాను, రాలేదు. ఎవరో వచ్చి భుజం పట్టుకుని నెమ్మదిగా కుర్చీ దాకా నడిపించి, చేతికి మంచినీళ్లిచ్చారు. "గురువుగారంటే ఎంత అభిమానమో చూడండి, మాట కూడా పెగలడం లేదు పాపం" అన్నారు వెనక వరసలో ఎవరో.