లేని చావుకు కూర్చున్న దినాలు

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. బొగ్గుతో నడిచే బస్సెక్కి మొయినాబాదు నుంచి పట్నం పోయాను, కొడుకును ఇంటికి తెచ్చుకుందామని. కాలేజీకి ఎండకాలం సెలవులు ఇచ్చారు. చదువుకునే పిల్లలంతా ఊరికి వచ్చారు, నావాడు రాలేదు. తొలకరి పడితే దున్నాలి. మగదిక్కు లేని పొలమని మా బావగారు అప్పటికే గట్టు జరుపుతున్నాడు. వాడు వచ్చి ఒక్కసారి గట్టు మీద నిలబడితే చాలు, నా ఆశ అంతే.

వాడు ఒక సందులో, కిరాయి ఇంట్లో, తనలాంటి పిల్లలతో దొరికాడు. రాజకీయం నేర్పే తరగతులట, పది దినాలట. పెద్దమనుషులు వచ్చి చెప్తారట, వీళ్లు కూర్చుని వింటారట. అప్పట్లో నలుగురు కూడి మాట్లాడాలంటే సర్కారు అనుమతి కావాలి. వీళ్లకు ఎవరిస్తారు? పెండ్లికీ చావుకూ మాత్రం అడిగేవాడు లేడు.

నేను గడపలో నిలబడగానే, అద్దాలు పెట్టుకున్న పిల్లవాడు ఒకడు నా నొసలు చూశాడు, చేతులు చూశాడు. బొట్టు లేదు, గాజులు లేవు. నా కొడుకును పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. కొడుకు తల వంచుకొని వచ్చాడు.

"అవ్వా, ఈ పది దినాలు అరుగు మీద కూసుంటవా?"

"కూసుండి ఏం జెయ్యాలె?"

"ఏం లేదు, ఊకె కూసుండు. ఇంట్ల సావైందని జెప్తం. కొత్తగ మొగడు పోయినామె ఎదురుంగుంటే పోలీసోడు గూడ గడప దొక్కడు."

వాళ్ల నాయన పోయి అప్పటికి నాలుగేండ్లు. "అయినంక నాతోని ఇంటికొస్తవా?" అని అడిగాను. వస్తనన్నాడు. నా చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. కొంగు నెత్తి మీదికి లాక్కొని కూర్చున్నాను. పక్కన చావుదీపం పెట్టారు. లోపల కొడుకు బతికి ఉండగా ఆ దీపం ముందు కూర్చోవాలంటే భయమేసింది. చెప్తే నవ్వుతాడని చెప్పలేదు.

వాడన్నట్టే అయింది. పాలవాడు చెంబు దూరంగా పెట్టి పోయేవాడు. పనుల మీద బయలుదేరినవాళ్లు నన్ను చూసి వెనక్కి మళ్లి, ఇంట్లో నీళ్లు తాగి మళ్లీ వచ్చేవాళ్లు. గస్తీ జవాను సందు మొదటి నుంచే తిరిగిపోయేవాడు. ఆ ఇంటికి నా ముఖమే తాళంకప్ప. లోపలి మాటలు గోడలోంచి వినిపించేవి. రాజ్యమనీ, హక్కులనీ అనేవాళ్లు. వెట్టి అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది.

అంత చదివిన పిల్లలు ఒక సంగతి మరిచిపోయారు. మగవాళ్లు రాకపోయినా చావింటికి ఆడవాళ్లు వస్తారు. మరునాడే ఎదురింటి పెద్దమ్మ, ఆమె వెనక మరికొందరు అరుగెక్కి నన్ను పట్టుకొని ఏడ్చారు. ఎట్ల పోయాడని అడిగారు. లోపలివాళ్లు నాకేమీ చెప్పిపెట్టలేదు. అందుకని ఉన్నదే చెప్పాను. జ్వరమొస్తే బండిలో పట్నం దవాఖానకు తెస్తున్నామని, అజీజ్‌నగర్ దాటకముందే నా ఒళ్లో పోయాడని. అప్పుడు జొన్నకోతల కాలం. దినాలు కాగానే మా అత్త కొడవలి చేతికిచ్చింది, ఏడ్వడానికి పొద్దు దొరకలేదు. ఆ ఏడుపంతా ఇక్కడ, ముక్కూ మొఖం తెలియని ఆడవాళ్ల భుజాల మీద వచ్చింది. నేను చెప్తుంటే రాసుకుంటున్న మనవరాలు అది దొంగ ఏడుపు కాదా అంటున్నది. ఏమో బిడ్డా, నాకు తెలియదు.

పెద్దమ్మ రోజూ అన్నమూ తాలింపు లేని పప్పూ తెచ్చి నాకు ముద్దలు పెట్టేది. మిగిలింది లోపలి పిల్లలు తినేవాళ్లు.

ఆఖరి దినం ఎవరో పెద్దాయన వచ్చి మాట్లాడాడు. ఏం చెప్పాడో గాని పిల్లలు ఒళ్లు మరిచి చప్పట్లు కొట్టారు. చావింట్లో చప్పట్లు. ఎదురింటి తలుపు కిర్రుమన్నది. నేను లేచేలోపల మళ్లీ కొట్టారు. ఏం చేయాలో తోచక నోరు తెరిచి శోకం పెట్టాను. నా గొంతు చిన్నప్పటి నుంచీ పెద్దది. ముడిమ్యాలలో, మా పుట్టింటి దగ్గర, ఎక్కడ చావైనా నన్నే ముందుకు నెట్టేవాళ్లు. చప్పట్లు అందులో మునిగిపోయాయి. కాని శోకం వింటే ఆడవాళ్లు ఇండ్లల్లో ఆగుతారా? ఇంకెవరు పోయారోనని పరుగెత్తుకొచ్చి, అరుగు దాటి లోపలికే పోయారు. లోపల నల్లబల్ల ముందు చాపల మీద పిల్లలు. కొందరి చేతులు ఇంకా కలిపే ఉన్నాయట.

పెద్దమ్మ బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"నీ మొగడు సచ్చిండా, లేదా?"

"సచ్చిండు పెద్దమ్మా. నాలుగేండ్లాయె."

"మరి గా ఏడ్సుడు?"

"గది నిజమే."

"నాలుగేండ్ల సావుకు నాతోని పప్పు వండిపిస్తివి గదనే," అని కొంగు దులుపుకొని అరుగు దిగిపోయింది.

మధ్యాహ్నానికి పోలీసు అమీను, జవాన్లు వచ్చారు. ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఈసారి నా ముఖం ఎవరినీ ఆపలేదు. నన్ను పక్కకు జరగమన్నారు, జరిగాను. కొడుకు నా ముందు నుంచే పోయాడు. చెయ్యి పట్టుకోబోతే జవాను కర్ర అడ్డం పెట్టాడు.

"నువ్వు ఇంటికి పో అవ్వా. నేనొస్త," అన్నాడు.

మళ్లీ అరుగు మీద కూర్చున్నాను. సందులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పెద్దమ్మ కిటికీ రెక్క కొంచెం కదిలి, మూసుకుంది. దీపం ఇంకా వెలుగుతున్నది. నావాడు బతికే ఉన్నాడు కదా అని, వేళ్లతో నలిపి ఆర్పేశాను.

తొలకరి పడేనాటికి వాడు జైల్లోనే ఉన్నాడు. కూలివాణ్ణి పెట్టి దున్నించాను. గట్టు నా వైపుకు ఇంకా జరిగి ఉన్నది. బావగారు అవతల నిలబడి ఉన్నాడు. నేను గట్టు వంక చూడటం ఆయన చూశాడు. గట్టు ఇవతలే నాగలి మళ్లించమని కూలివాడికి చెప్పాను.