కంట్లో వేసిన తీర్థం

అత్తకు ఆపరేషన్ చేసిన కంటికి చూపు ఇంక రాదని నాకు మొదట చెప్పింది మా మరిది, హిందూపురం ఆస్పత్రి నుంచి ఫోన్లో. ఆ మాటకు నేనిచ్చిన జవాబునే ఇన్నేండ్లుగా మోస్తున్నాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించినాడు, ఆయన పుణ్యం. తెలిసినట్టు రాస్తాను.

అత్తకు శుక్లం ఆపరేషన్ బాగానే జరిగింది. పట్టీ విప్పినాక పెనుకొండకు, మా ఇంటికి తెచ్చుకున్నాం. గడపలోనే నా మొహం చూసి, "ఏమే, నీ తల ఇంత నెరిసిందా! నాకు కనపడదని దాచిపెట్టినావా?" అని నవ్వింది. ఆ పొద్దు దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో. మొక్కు తీర్చుకోవడానికి ఆంజనేయస్వామి గుడికి పోయి తీర్థం తెచ్చినాను. కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పింది గుర్తుంది. నీళ్లు కదా పడకూడనిది, ఇది తీర్థం కదా అనుకున్నాను. అత్త చేతులు జోడించి కన్ను తెరిచింది. రెండు చుక్కలు వేసినాను.

మర్నాడు ఆమె ధర్మవరంలో చిన్నకొడుకు ఇంటికి పోయింది. ఆడికి పోయినాక కన్ను ఎర్రబడింది, నొప్పి పుట్టింది, చీము పట్టింది. వెంటనే హిందూపురం తీసుకుపోయినా నిలవలేదు. కంట్లో ఏమైనా పడిందా అని డాక్టరు అడిగితే అత్త, "ఏమీ పడలేదు సామీ" అనిందంట. తీర్థాన్ని ఆమె కంట్లో పడే దుమ్మూధూళితో ఎట్లా కలుపుతుంది? నా తోడికోడలు రత్నమ్మే, ఉక్కపోస్తోందని అత్త అడిగితే మొహం తడిగుడ్డతో తుడిచినానని, తనంతట తాను చెప్పుకుంది.

"అమ్మకు ఆ కన్ను ఇంక రాదంట వదినా. తడిగుడ్డ పెట్టిందంట మా ఇంట్లోది. చెప్తే మాట ఇంటే గదా!"

"పోనీలేప్పా. ఆమెకేం తెలుసు. ఏమీ అనొద్దు."

నేనే అన్నాను ఆ మాట. తప్పు ఆమెదైనట్టు, నేను క్షమించినట్టు. పెద్దకోడలి మనసు ఎంత మంచిదో అని అందరూ చెప్పుకున్నారు. విన్నాను. ఊరుకున్నాను.

తీర్థం వల్లే పోయిందని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. నేను అడిగితే కదా. తడిగుడ్డ వల్ల కావచ్చు, రెండూ కాకపోవచ్చు. అయినా ఆ పొద్దు నాకు నోరెందుకు రాలేదు? స్వామి తీర్థానికి చెడ్డపేరు వస్తుందని భయపడినానని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానే గాని, ఆ భయమంతా నా పేరు గురించేనని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

రెండో కంటికి తర్వాత ఆపరేషన్ చేస్తే బాగైంది, దేవుని దయ. పోయేదాకా అత్త ఆ కంటితోనే చూసింది. దానికి మందు చుక్కలు వేసింది నేను. రత్నమ్మను ఎవరూ దగ్గరికి రానీలేదు.

నిరుడు రత్నమ్మ కన్నతల్లికి ఇదే ఆపరేషన్ అయింది. చుక్కలు వేయమంటే, "నా చెయ్యి మంచిది కాదు" అని పక్కింటామెను పిలుచుకొచ్చిందంట.

రత్నమ్మకు ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెప్పినాను. గుండె కొంచెం తేలికపడింది, ఆ తేలికకు నేను తగినదాన్ని కాకపోయినా. నన్ను క్షమించమని అడగను. మీ ఇంట్లో ఎవరికన్నా కంట్లో చుక్కలు వేసేటప్పుడు మా రత్నమ్మను ఒక్కసారి తలుచుకోండి.