మాస్టారి పేరు కోసం ఒక ఆట

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మామిడితోటలో రసాలు కోయిస్తుంటే వాళ్ళావిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మాస్టారు పొద్దున లేవలేదు నాయనా," అన్నారు. కోత ఆపించి నూజివీడు బయల్దేరాను. దారంతా ఏడుపు రాలేదు. మర్నాడు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూశాక మాత్రం ఒళ్ళు మండిపోయింది. మాస్టారి ఫొటో, కింద 'మా షటిల్ క్లబ్బు మార్గదర్శికి అశ్రునివాళి' అని రాసి, మాస్టారి ముఖం కంటే పెద్దగా క్లబ్బు ప్రెసిడెంటు ముఖం వేశారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. మాస్టారి గురించి మంచే రాస్తాను. మిగతావాళ్ళ గురించి మాత్రం పాఠకులు నా దగ్గర మంచి ఆశించవద్దు.

మాస్టారి ఆట బాల్ బ్యాడ్మింటన్. పసుప్పచ్చ ఉన్నిబంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, పైన ఆకాశం. స్కూలు పక్కన ఖాళీ స్థలంలో పిచ్చిచెట్లు కొట్టించి, రోలరు తానే లాగి కోర్టు చేసుకున్నారు. బూట్లకు రోజూ సుద్ద పూసేవారు. మోకాలికి గుడ్డ చుట్టుకుని మరీ ఆడేవారు. నొప్పిగా ఉందా అని అడిగితే, అది మోకాలినే అడగమనేవారు.

ఆయనకు అన్ని ఆటలూ చూడాలని సరదా. నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని తిప్పేవారు. మైలవరంలో వాలీబాల్ ఆడేవాళ్ళు నెట్టుకు అటూ ఇటూ నిలబడి అమ్మానాన్నల్ని కూడా వదలకుండా తిట్టుకుని, ఆట అయ్యాక ఒకే ప్లేటులో బజ్జీలు తినేవాళ్ళు. మా రెడ్డిగూడెం క్రికెట్లో బ్యాటింగు జట్టువాడే అంపైరు కాబట్టి, నాకు తెలిసి అక్కడ ఎవడూ ఎల్బీడబ్ల్యూ కాలేదు. బాపులపాడులో చదరంగం ఆడే పెద్దమనుషులు గంటసేపు నోరు విప్పరు, ఓడినవాడు మాత్రం వారం దాకా గెలిచినవాడి వీధిలోకి రాడు. క్యారమ్స్ వాళ్ళకి సరిగ్గా ఎదుటివాడు కొట్టబోయేటప్పుడే దగ్గొస్తుంది. ఇవన్నీ చూసి మాస్టారు ఓసారి, "ఎవరు గెలిచారో పేపరు చెబుద్దిరా. తప్పు జరిగినప్పుడు ముందు ఎవడు నోరు తెరుస్తాడో చూడు, వాళ్ళేంటో తెలుస్తుంది," అన్నారు.

మా కోర్టులో ఒక పద్ధతి ఉండేది. బంతి ఒంటికిగాని బట్టకుగాని తగిలితే తప్పు. ఉన్నిబంతి చొక్కా అంచుకు రాసుకుపోతే చప్పుడుండదు, ఎవరికీ కనపడదు. తగిలినవాడికి మాత్రం తెలుస్తుంది. వాడే చెయ్యెత్తాలి. మాస్టారు అలా చెయ్యెత్తి ఓడిపోయిన ఆటలు నేను బోలెడు చూశాను.

తర్వాత షటిల్ వాళ్ళు వచ్చారు. మామిడి వ్యాపారులు, డాక్టర్లు, రియల్ ఎస్టేట్ వాళ్ళు. వీపున పెట్టెంత సంచి, ఒక వాట్సాప్ గ్రూపు, ఆటకంటే ఎక్కువసేపు సెల్ఫీలు. మాస్టారి కోర్టు మీదే రేకుల షెడ్డు వేసి, చెక్క ఫ్లోరింగ్ పరిచారు. పొద్దున ఒక గంట మీదేనని ఆయనకు మాటిచ్చారు. మూడో రోజుకల్లా తలుపు మీద బోర్డు పెట్టారు: ప్రత్యేకమైన బూట్లు ఉంటేనే లోపలికి. మాస్టారు తన సుద్దబూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు. ఉత్త కాళ్ళు కూడా కుదరవన్నాడు ప్రెసిడెంటు. "రూలు రూలే మాస్టారూ." ఆయన "సరే బాబూ" అని వెనక్కి తిరిగారు. వాడూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఆ 'సరే బాబూ' ఇవాళ్టికీ నా చెవిలో ముల్లులా ఉంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు మా తోట చివర, కాయలు గ్రేడింగు చేసే చదునులో నెట్టు కట్టుకుని ఆడాం. మాస్టారు క్లబ్బు వాళ్ళని ఒక్క మాట అనలేదు. ఆ లోటు నేను తీర్చాను, రోజూ తిట్టాను.

పెద్దకర్మ అయిన మర్నాడే ప్రెసిడెంటు మా ఇంటికొచ్చాడు. మాస్టారి పేరు మీద షటిల్ కప్పు పెడతామని, నా దగ్గరున్న ఆయన బ్యాటు ఇస్తే క్లబ్బులో అద్దాల పెట్టెలో పెడతామని అడిగాడు. ఆ బ్యాటు ఆయనే నా చేతికిచ్చారు. బతికుండగా గడప దాటనివ్వని మనిషిని చచ్చాక అద్దాల్లో పెడతారట. వాడి కాలరు పట్టుకోవాలనిపించింది. దానికంటే మంచిది తోచింది. మా తోటలో, ఉన్నిబంతితో, ఒక్క ఆట ఆడదామన్నాను. మీరు గెలిస్తే బ్యాటూ పేరూ పట్టుకుపొండి. మేం గెలిస్తే ఫ్లెక్సీ దించాలి, ఆయన పేరు మళ్ళీ ఎత్తకూడదు. మా అయిదుగురి వయసులూ బొజ్జలూ తలుచుకున్నాడేమో, నవ్వి ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున వచ్చారు. గాలిలేని షెడ్డులో ఆడినవాళ్ళకి మా గాలి అర్థం కాలేదు. మణికట్టుతో తెగ విసిరారు. బంతి నెట్టులోకైనా పోయింది, చెట్లలోకైనా పోయింది. వాళ్ళ తెల్లబూట్లు ఎర్రబడుతుంటే నాకు కడుపు నిండింది. అబద్ధమెందుకు, అంత ఆనందం నా కూతురి పెళ్ళిలో కూడా కలగలేదు. కానీ కుర్రాళ్ళు కదా, సగం ఆటకి కిటుకు పట్టేశారు. మాకు ఆయాసం మొదలైంది. ముప్పై అయిదుకి ఆట. మాది ముప్పై నాలుగు, వాళ్ళది ముప్పై మూడు.

ప్రెసిడెంటు కొట్టిన బంతి నా పొట్ట మీదకి వచ్చింది. పక్కకి తిరిగి కొట్టాను. వాళ్ళ వెనకమూల పడింది. మావాళ్ళు ఈలలు వేశారు. గెలిచాం.

బంతి నా చొక్కా అంచుకు తగిలింది. నాకు తెలుసు. చెయ్యి ఎత్తబోయాను. ఆ తలుపు దగ్గర బూట్లు చేత్తో పట్టుకున్న ముసలాయన గుర్తొచ్చాడు. ఎత్తలేదు. ఎత్తితే ఆయన పేరు వాళ్ళ పాలవుతుందేమో అనుకున్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

వాళ్ళు సంచులు సర్దుకున్నారు. ప్రెసిడెంటు చేయి కలపడానికి వచ్చాడు. ఫ్లెక్సీ సాయంత్రానికి దించేయిస్తానన్నాడు. ఆ తర్వాత మావాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మీ చొక్కాకి తగిలిందండీ. మావాళ్ళు చూళ్ళేదు, నేను చూశాను. మాస్టారైతే చెయ్యెత్తేవారు."

 ఆయన్ని గడప బయట నిలబెట్టినవాడు ఆయన గురించి నాకు చెబుతున్నాడు. అదీ నిజం చెబుతున్నాడు. అందుకు కూడా వాణ్ణి క్షమించను. కారు ఎక్కేముందు వాడు వంగి, గట్టున రాలిన చేటంత టేకాకు ఒకటి తీసుకుని బూట్ల మట్టి తుడుచుకున్నాడు. సగం తుడిచి, ఎందుకో ఆపేసి, అలాగే ఎక్కాడు. మావాళ్ళు నన్ను భుజాల మీదకి ఎత్తుకున్నారు. దించమన్నాను, ఎవరూ వినిపించుకోలేదు.