రెబెకా టీచర్ ఆఖరున పిలిచే పేరు

రెబెకా టీచర్ చచ్చిపోయిన పిల్లను వెంటబెట్టుకుని తిరుగుతుందని మా ఆళ్లగడ్డలో, అందులోనూ మా వీధిలో, ఒక మాట పుట్టింది. పుట్టించింది మా ఎదురింటి కమలాక్షమ్మ, మోసింది అందరూ. పొద్దున పిండిమర దగ్గర పుట్టిన మాట సాయంత్రానికి కూరగాయల బండి దగ్గరికి, మర్నాటికి బడి గేటు దగ్గరికి చేరింది. అది నిజం కాదు. ఆ సంగతి నాకెట్లా తెలుసంటే, ఊరంతా చాటున గొణుక్కుంటుంటే ఆమెను ఎదురుగా నిలబడి అడిగింది నేనే కాబట్టి.

రెబెకాది ఉయ్యాలవాడ పక్కన పల్లె. తండ్రి రాజరత్నం శనగ చేలల్లో కూలికి పోయి ఆమెను చదివించాడు. నల్లరేగడి గట్ల మీద పరుగెత్తి పెరిగిన పిల్ల. చిన్నప్పుడు బడి పందేల్లో గెలిచిన స్టీలు గిన్నె ఇప్పటికీ ఆమె వంటింట్లో ఉంది, అందులో చింతపండు పెట్టుకుంటుంది. టీచరు పని వచ్చాక మొదట ప్యాపిలి వైపు ఒక ఊళ్లో చేసింది. అక్కడి నుంచి బదిలీ మీద మా బడికి వచ్చి, మా ఇంటి వెనక గది అద్దెకు తీసుకుంది. మొగుడు స్టీఫెన్ నంద్యాలలో విత్తనాల కంపెనీలో పని చేస్తాడు, శనివారం వస్తాడు, ఆదివారం ఇద్దరూ చర్చికి పోతారు. పిల్లల్లేరు. ఇవన్నీ నేను ఒక గిన్నెడు బొరుగుల ఉగ్గాని తీసుకుపోయి, ఆమె తినేలోపు తెలుసుకున్న సంగతులు. ప్యాపిలి నుంచి ఎందుకు వచ్చేసిందన్నది మాత్రం ఉగ్గానికీ లొంగలేదు, బొబ్బట్లకూ లొంగలేదు.

ఆమె రాకముందు మా బడిలో పంద్రాగస్టుకు జెండా ఎగరేసి చాక్లెట్లు పంచితే ఏడాది ఆటపాటలు అయిపోయినట్టే. ఆమె వచ్చాక జూన్‌లో పిల్లల చేత వేపగింజలు నాటించింది. వానలు పడ్డాక చెరువు కట్టకు తీసుకుపోయి పక్షుల పేర్లు చెప్పించింది. రాళ్లు చెక్కే శిల్పుల దగ్గర ఒక పూటంతా కూచోబెట్టింది. దసరా సెలవులు అయినాక ఖోఖో, కార్తీకంలో వనభోజనం. పొద్దున ఏడింటికే మా వీధి పిల్లలు మొహాలు కడుక్కుని బడికి ఉరికేవాళ్లు.

గేటు దాటి ఎక్కడికి పోయినా, పోయేముందూ వచ్చేముందూ ఆమె పిల్లలను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. కాగితం చూడదు. అందరూ పలికాక ఆఖరున ఒక పేరు పిలుస్తుంది.

‘జెస్సికా.’

మా బడిలో జెస్సికా అనే పిల్ల లేదు. ఆమె పిలిచి ఆగుతుంది. దూరం నుంచి ఏదో వినపడాలన్నట్టు మెడ కొంచెం పక్కకు వాలుస్తుంది. ఎవరూ పలకరు. అప్పుడు ‘పదండి’ అంటుంది.

నేను దీన్ని మొదట చూసింది బడిలో కాదు, మా అరుగు ముందర. పిల్లలు టీచరాట ఆడుకుంటున్నారు. ఐదో తరగతి షాలిని చున్నీ కప్పుకుని రెబెకా టీచర్ అయింది. అందరి పేర్లూ పిలిచి, ఆఖరున మెడ వాల్చి ‘జెస్సికా’ అంది. అంతవరకూ కిలకిలమంటున్న పిల్లలు గమ్మునైపోయారు. చిన్నదొకటి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నాకు బాగా అనిపించలేదు.

కమలాక్షమ్మ చెప్పేదేమంటే, ప్యాపిలి దగ్గర ఈమె పిల్లలను ఎక్కడికో తీసుకుపోయి ఒక పిల్లను పోగొట్టిందట. ఆ పిల్ల ఈమెను వదలకుండా ప్రతి ప్రయాణంలో వెంట వస్తుందట. ఆ పేరుకు ఎవరు పలికితే వాళ్లను తనతో తీసుకుపోతుందట. నీకెవరు చెప్పారని నిలదీస్తే, అందరూ అంటున్నారంది. ఆ అందరిలో మొదటిది తనే.

సరే, కొట్టి పారేద్దామనుకున్నాను. అయితే ప్యాపిలి నుంచి టమాటాలు తెచ్చే ఆయన్ను అడిగితే, బేరం మానేసి నా వైపు చూశాడు. ఆ బడి పిల్ల ఒకతి తప్పిపోయిన మాట నిజమే, పోలీసులు కూడా వచ్చినారు, తర్వాత ఏమైందో నాకు తెలియదన్నాడు. స్టీఫెన్‌ను అడిగాను. ఆ సంగతి ఆమెనే అడగాలమ్మా అని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఆ రోజు నుంచి నాకూ అన్నం సరిగా పోలేదు.

అప్పుడే మా బడి ఆడపిల్లల ఖోఖో జట్టు మండలంలో గెలిచి, నంద్యాలలో జిల్లా పోటీలకు పోవాల్సి వచ్చింది. జట్టుకు ప్రాణం షాలిని. ఆ పిల్ల పరుగు చూస్తే తూనీగ గుర్తొస్తుంది. వాళ్లమ్మ నాగజ్యోతి పంపనని తలుపు వేసుకుంది. షాలిని రెండు పూటలు అన్నం మానేసింది. రెబెకా ఒకసారి వచ్చి గడప బయటే నిలబడి, పాపను పంపమ్మా, చేయి పట్టుకుని తీసుకొస్తానంది. చేయి పట్టుకుంటుందన్న మాటకే నాగజ్యోతి ఇంకా బెదిరింది.

నేను పోయి చెప్పాను. ‘నేను గూడా పోతాండా మే. నీ బిడ్డకు నేను పూచీ.’

‘నువ్వు ముసిల్దానివి పెద్దమ్మా. అది ఉరికితే పట్టుకుంటావా?’

‘ఉరికితే పట్టుకోలేను. నేను అరిస్తే మాత్రం నంద్యాల్లో అరిచింది నీకు ఈడికి ఇనపడ్తాది.’

నవ్వింది. పంపింది. ఆ నవ్వు తర్వాత నన్ను చాలా కాల్చింది.

ఆ రోజు పొద్దుటి నుంచే మబ్బు. సముద్రంలో తుఫాను అని టీవీలో చెప్తున్నారు. నంద్యాల మైదానంలో ఎక్కడెక్కడి బడుల పిల్లలో వచ్చి ఉన్నారు. అందరివీ సర్కారు ఇచ్చిన బట్టలే, ఒకే రంగు, ఒకే కుట్టు. అదిగో షాలిని అనుకుని లేస్తాను, దగ్గరికి పోతే ఏ ఊరి పిల్లో. నీళ్ల కుళాయి దగ్గర ఒక పిల్ల జడ పట్టుకుని లాగి తిట్టించుకున్నాను కూడా. రెబెకా మాత్రం కూచోలేదు, నీళ్లు తాగలేదు. మన పిల్లల చుట్టూ తిరుగుతూనే ఉంది. షాలిని జట్టు గెలిచినప్పుడు అందరూ గంతులు వేస్తుంటే, ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి పోయి వింటే పిల్లల పేర్లు.

సాయంత్రం తుంపర మొదలైంది. పిల్లలు బస్సెక్కారు. రెబెకా మెట్టు మీద నిలబడి పేర్లు పిలిచింది. అందరూ పలికారు. డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. ఆమె మెడ వాల్చింది.

‘జెస్సికా.’

‘ప్రెజెంట్ టీచర్.’

బస్సు మధ్యలో నుంచి వచ్చింది ఆ గొంతు. సన్నగా, హాయిగా.

రెబెకా రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. బండి ఆపమని ఆమె వేసిన కేకకు డ్రైవర్ ఇంజను ఆపేశాడు. పిల్లలందరినీ వానలోకి దించింది. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, నీ పేరేంది, మీ నాయన పేరేంది అని అడిగింది. చిన్నవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. వాన ఆమె కళ్లలో పడుతున్నా రెప్ప వేయలేదు.

షాలిని దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల మొహంలో గెలిచిన నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ‘నేనే టీచర్. ఊరికే అన్నా’ అంది.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని బస్సెక్కింది. ఆళ్లగడ్డ వచ్చేదాకా వదల్లేదు. దిగినప్పుడు చూస్తే షాలిని మణికట్టు మీద ఐదు వేళ్లూ ఎర్రగా తేలి ఉన్నాయి.

మర్నాడు షాలినికి జ్వరం. వానలో తడిస్తే జ్వరం రాక ఏమొస్తుంది? అయితే మా వీధికి ఆ లెక్క సరిపోలేదు. ఆ చచ్చిన పిల్లే షాలిని నోట్లో పలికింది, చేతి మీద గుర్తు కూడా వేసిందని కమలాక్షమ్మ ఇంటింటికీ చెప్పింది. నాగజ్యోతి నిమ్మకాయలు దిగదీసింది, మంత్రించిన తాడు కట్టింది. జ్వరం తగ్గలేదు. జ్వరంలో షాలిని ఏదో గొణిగితే, జెస్సికా అనే అందని చెవులు పెట్టి విన్నవాళ్లంతా ఒట్టు వేశారు. నేనూ చెవి పెట్టాను. నాకు వినపడింది ‘ఖో’.

సోమవారం పొద్దున బడి గేటు దగ్గర తల్లులందరూ మూగారు. ఆ వారంలోనే పిల్లలను మహానందికి తీసుకుపోవాల్సి ఉంది. ఒక్కరినీ పంపేది లేదన్నారు. అంతటితో ఆగలేదు, ఆ టీచరమ్మే ఈ ఊళ్లో ఉండకూడదన్నారు. హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు సార్ మెట్ల మీదికి వచ్చి, మీరందరూ రాసి సంతకాలు పెడితే పైకి పంపుతాను, ఆమెను మార్చేస్తారు అన్నాడు. ఎవరో పిల్లకాయ సంచిలో నుంచి పెన్ను తీసి ఇచ్చారు. అది నాగజ్యోతి చేతికి వచ్చింది.

రెబెకా తరగతి గది గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఆమె వెనక పిల్లలు బెంచీల మీద కదలకుండా కూచున్నారు. ఒక్క తల్లీ ఆమె వైపు చూడటం లేదు. ఆమె గురించి అన్నీ ఆమె ముందరే మాట్లాడుతున్నారు, ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. ఏం చెప్తుందో వినలేనేమోనని. అయినా అందరినీ తోసుకుని పోయి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

‘రెబెకమ్మా, ఈళ్లందరూ ఇంటుండగా అడుగుతాండా. ఆ జెస్సికా ఎవరు? సచ్చిపోయిందా, ఉండాదా?’

ఆమె పక్కకు చూడలేదు. గొంతు పెంచలేదు.

‘ఉండాది పెద్దమ్మా. ప్యాపిలిలో హైస్కూలుకు పోతాంది. ఆ పొద్దు పిల్లోళ్లను బస్సులో తీసకపోతా, అన్నాలు తినేకి దోవలో ఒక తోపు కాడ ఆపినాం. ఇంకో బడి బస్సూ ఆన్నే ఆగింది. బట్టలు అందరియీ ఒకటే. ఎక్కినాక నేను కిటికీలోంచి బయటికి చూసుకుంటా పేర్లు పిలిచినా. జెస్సికా అంటే ప్రెజెంట్ టీచర్ అన్నాది. ఆ బడిలోనూ ఒక జెస్సికా ఉండాదని నాకేం తెల్సు? ఆ పిల్ల తెలీక మా బస్సు ఎక్కేసింది. నేను మొగం చూడలే. మా జెస్సికా ఒంటేలుకు పోయి చెట్లెనక ఉండాది. నేను పిలిచింది ఇన్నాది. దాని పేరుకు ఇంకెవరో పలికిందీ ఇన్నాది. లేచి వచ్చేసరికి బస్సు పోయింది. తెల్లారినాక దొరికింది, ఏం కాలేదు. కానీ ఆ పొద్దు నుంచి పేరు పెట్టి పిలిస్తే పలకదు. వాళ్లమ్మ పిలిచినా పలకదు, దగ్గరికి పోయి భుజం తట్టాల. అందుకే ఆఖర్న మన బడిలో ఎవరికీ లేని ఆ పేరు పిలిచి ఆగుతా, పక్క బడి పిల్ల గాని, తనది కాని పేరుకు పలికే పిల్ల గాని ఉండాదేమో అని. ఎవరూ పలక్కపోతే బస్సులో ఉండేది మన పిల్లోళ్లే. ఎవరన్నా పలికినారంటే, మన బిడ్డ ఒకటి యాడనో నిలబడి ఇంటాంది.’