నాన్న కట్టిన బ్యాక్‌రెస్ట్

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా సముద్రం మీద బోటు నడిపాడు. గాలివానలో ఇంజను ఆగిపోయిన రోజున కూడా కళాసీల ముందు కంగారు పడలేదని ఇప్పటికీ చెబుతాడు. అలాంటి మనిషికి నా మోటార్ సైకిల్ వెనక కూర్చోవాలంటే భయం. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనకూడదు. అంటే ఆ పూట అన్నం దగ్గర్నుంచి లేచిపోతాడు.

మోకాళ్లు అరిగిపోయాక నాన్న బోటు అమ్మేశాడు. చేపల ల్యాండింగ్ పక్కనే, జంగ్లీఘాట్‌లో ఉన్న ఇరుకు ఇల్లు వదిలి మిన్నీ బేకి మారాం. దూరమేమీ కాదు గానీ మధ్యలో ఎత్తులు ఉన్నాయి. ఆ మోకాళ్లతో ఎక్కలేడు. ఆటోలో వెళ్లమంటే, "ఆటోలో దిగితే జబ్బుమనిషి వచ్చినాడంతారు" అని పంతం. దాంతో నాలుగు నెలలపాటు ల్యాండింగ్ మొహం చూడలేదు. తెల్లారేసరికి బోట్లు వచ్చి చేపలు దించేది అక్కడే. నాన్న స్నేహితులంతా అక్కడే ఉంటారు.

ఇంట్లో ఉన్న నాన్నతో వేగడం ఎంత కష్టమో మా అమ్మకు తెలుసు. అమ్మ తెచ్చిన చేప మొప్పలు ఎత్తి చూసి, ఇది నిన్నటిదా మొన్నటిదా, ఎవరి బోటుది, ఎంతసేపు ఐసులో ఉంది అని విచారణ మొదలుపెట్టేవాడు. "సేప కొన్నానా, దొంగతనం సేసినానా?" అని అమ్మ విసుక్కునేది. తర్వాత తర్వాత ఆ విచారణ కూడా మానేశాడు. ఏం పెడితే అది తిని, గోడకేసి తిరిగి పడుకునేవాడు. అప్పుడు నాకు నిజంగా దిగులు వేసింది. ఎలాగైనా ఆయన్ని ల్యాండింగ్‌కు తీసుకెళ్లాలి.

తమ్ముడు ఓడలో ఉద్యోగానికి వెళ్తూ తన మోటార్ సైకిల్ నాకు వదిలి వెళ్లాడు. ఒకరోజు బతిమాలి బతిమాలి నాన్నను వెనక ఎక్కించుకున్నాను. మొదటి ఎత్తు మొదలయ్యిందో లేదో, "రోకో, రోకో!" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆపాను. కిందికి దిగి, "కళ్లజోడు మర్సిపోయినాను, ఇంటికెల్లి తెత్తాను" అన్నాడు. కళ్లజోడు చొక్కా జేబులోనే ఉంది. నేను చూశానని ఆయనా చూశాడు. బండి తిప్పి ఇంటికి వచ్చేశాం.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర మాత్రం నోరు విప్పాడట. బోటులో నాలుగు వైపులా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, బండి ఎత్తు ఎక్కుతుంటే వెనక్కి జారిపోతున్నట్టు ఉంది, వెనక ఏముంది, గాలి తప్ప అన్నాడట. అమ్మ నాకు చెప్పింది. ఆ మాట పట్టుకుని నేను ఆన్‌లైన్‌లో ఒక బ్యాక్‌రెస్ట్ తెప్పించాను. వెనక కూర్చున్నవాళ్లు వీపు ఆనించుకునే మెత్త, దాని వెనక ఇనప చట్రం, అటూ ఇటూ చేతులతో పట్టుకోవడానికి రెండు కడ్డీలు. మెయిన్‌ల్యాండ్ నుంచి అది మా దీవికి చేరేసరికి దాన్ని కొన్న సంగతే మర్చిపోయాను.

ఒక శనివారం సెలవు దొరికింది. వాకిట్లో బండికి స్టాండు వేసి, ఫోనులో వీడియో పెట్టుకుని కూర్చున్నాను. వీడియోలో భయ్యా "బహుత్ ఆసాన్ హై, దస్ మినిట్ కా కామ్" అని, పది నిమిషాల్లో తేలిపోయే పనన్నట్టు చెప్పాడు. ఆయన బండి షోరూంలోంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తోంది. మా బండి ఉప్పుగాలి తిని పెరిగింది. సీటు వెనక ఉన్న పాత బోల్టులు రెండు విప్పితే గానీ కొత్త చట్రం కూర్చోదు. పన్నెండో నంబరు పానా పెట్టి లాగాను, తిప్పాను, చివరికి బోల్టును తిట్టాను కూడా. అది కదల్లేదు.

నాన్న మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. నాలుగు నెలల్లో అంత శ్రద్ధగా దేన్నీ చూడలేదు.

"ఏటే పాపా, ఆ ఫోన్లోవోడి బండికి సముద్రం గాలి తగిలిందేటి? కొంచెం కిరసనాయిలు పోసి ఒగ్గెయ్. ఆటికీ టైమియ్యాలి."

పోసి, టీ తాగి వచ్చేసరికి బోల్టు చెప్పిన మాట విన్నట్టు తిరిగింది. నాన్నకు ఎంత గొప్పగా ఉందో మొహం చూస్తే తెలుస్తోంది. నేను చట్రం పెట్టి, వాషర్లు వేసి, బోల్టులన్నీ బిగించాను. ఊపి చూశాను. గట్టిగా ఉంది. వీడియో ప్రకారం నా పని అయిపోయింది.

"అయిపోయిందా? సముద్రం పక్కనున్నోలు ఇనపముక్కని భరోసా సెయ్యకూడదు. హటో, జరుగు."

లోపలికి వెళ్లి నైలాన్ వలతాడు పట్టుకొచ్చాడు. బోటు అమ్మేశాడు గానీ తాడు అమ్మలేదన్నమాట. మోకాళ్ల నొప్పి మర్చిపోయి బండి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. చట్రాన్నీ బండినీ కలిపి చుట్టిందే చుట్టి, ముడి మీద ముడి వేసి, కాలు అడ్డం పెట్టి లాగి బిగించాడు. నా బోల్టులు ఒక్కటీ బయటికి కనపడకుండా పోయాయి. వెనక దీపం కూడా సగం మూసుకుపోయింది. అది చెబితే, "దీపం ఎనకనొచ్చేవోడికి గదా, మనకేటి?" అన్నాడు. కాసేపు వాదించాక దీపం వరకు తాడు పక్కకు జరిపాడు. ఆ బ్యాక్‌రెస్ట్‌ను నిలబెట్టింది నా బోల్టులని నేను, తన తాడని ఆయన. ఈ తగవు ఇంకా తెగలేదు.

పని పూర్తయ్యాక అమ్మ గుమ్మంలోకి వచ్చి నిదానంగా అంది.

"నువ్వు కట్టిందే గదా. మరింక జారిపోతాదని సెప్పడానికి నేదు."

నాన్న తాడు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తన చేత్తో వేసిన ముడిని తనే కాదనలేడు. పాపం, బాగా ఇరుక్కున్నాడు. "కొత్తగా కట్టిన తాడు సర్దుకోవాల. రేపు సూద్దాం" అని లేచి వెళ్లిపోయాడు.

రేపు కూడా కళ్లజోడు మర్చిపోతాడనే అనుకున్నాను. తెల్లారుజామున లేచి చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లుంగీ ఎగ్గట్టి, బండి పక్కన నిలబడి ఉన్నాడు. ముడులన్నీ ఒకసారి లాగి చూసుకుని ఎక్కాడు. ఎత్తు దగ్గర కేక కోసం ఎదురుచూస్తూ గేరు మార్చాను. వెనక నుంచి కేక రాలేదు. ఒక చెయ్యి కడ్డీ మీద ఉందేమో గానీ రెండో చెయ్యి నా భుజం మీదకు వచ్చింది. ఆసరాకని మురిసిపోయాను. కాదు. ఎడమ భుజం తడితే ఎడమకు తిరగాలి, కుడి భుజం తడితే కుడికి. గట్టిగా నొక్కితే నెమ్మదించాలి. నేను రోజూ వెళ్లే దారిలో, నేను నడిపే బండిని, నాన్న వెనక నుంచి నడుపుతున్నాడు. గొయ్యి వచ్చే ముందే నొక్కాడు కూడా. ఒప్పుకోక తప్పదు, ఆ గొయ్యి నేను చూడలేదు.

ల్యాండింగ్ దగ్గర బోట్లు అప్పుడే వస్తున్నాయి. నాన్న పాత జతగాడు ఒకాయన గంప వదిలేసి పరుగున వచ్చాడు.

"ఏటన్నా, ఇన్నాళ్లకా! పాప తెచ్చిందా?"

"నానే వచ్చినాను. పాప హేండిల్ పట్టుకుంది, అంతే."

నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపే నాన్న బోట్ల వైపు నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, అందరూ వినేలా అన్నాడు.

"పది గంటలకి రా. లేటు సేసినావంటే నిన్నొగ్గేసి ఎల్లిపోతాను."

తాళం నా చేతిలోనే ఉంది. ఏ బండి మీద వెళ్లిపోతాడో అడగాల్సింది, అడగలేదు. బోటెక్కడానికి నిద్రమొహాలతో ఒడ్డుకు వచ్చే కళాసీలతో ఆయన ఇన్నేళ్లూ అన్న మాట అదే. ఆడపిల్లనని నన్ను బోటు ఎక్కనివ్వలేదు కాబట్టి ఆ మాట నాతో అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. సరేనని తల ఊపి ఇంటికి వచ్చాను.

తొమ్మిదిన్నరకే వెళ్లి నిలబడ్డాను.