పక్క సీటు

"ఆ పక్క సీటు గూడ పీకేస్తవా సారూ?" అన్నాను.

"అది ఉంచుతానండీ, మొదటి సవారీ మీదే కదా!" అన్నాడు. మా ఆఖరి మాటలు అవే.

ఆ సారు మణికొండలో మా కిందింట్లో కిరాయికుండేవాడు. ఆఫీసు లేనప్పుడల్లా, బరువు తగ్గితే జోరుగా పోతుందని తన పాత స్పోర్ట్స్ కారు విప్పేవాడు. దాని ఇంజనుకు నీళ్లక్కర్లేదు, గాలికే చల్లబడుతుంది. ఏసీ, రేడియో, వెనక సీటు, ఏది ఊడదీసినా చేత్తో బరువు చూసి, "ఇది లేకపోయినా నడుస్తుందండీ" అనేవాడు.

నాలాంటి మొగుడు పోయినామె ముందు ఎక్కితే బండికి అరిష్టమంటారు. సారు నవ్వి, నాకే సీటు ఉంచాడు. ఆ వారమే గుండె ఆగి చనిపోయాడు. ఆయన తమ్ముడొచ్చి కారును లారీ మీద తీసుకుపోయాడు. పక్క సీటు అందులోనే ఉంది.

ఇగ నేను చెప్తే నువ్వు రాసింది జర చదివి వినిపించు మనవరాలా. లేకపోయినా నడిచే మాటలుంటే తీసెయ్యి. సీటు మాట మాత్రం ఉండనీ.